నాయన కిడ్నీలు, ఊరి బోరు నీళ్ళు, వంద కిలోమీటర్ల దూరం

నెల్లూరు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకని ముఖ్యమైన సంగతులు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నాకు 33 ఏళ్ళు. మా పుట్టింటికి ఉదయగిరి దాటి ఇంకా లోపలికి పోవాలి. పెళ్ళయ్యాక నెల్లూరులో ఉంటున్నాం. అద్దె ఇల్లు, రెండు గదులు, మాతోపాటు మా అత్తమ్మ. మా నాయనకు 59. నాలుగెకరాల మెట్టలో పొగాకు వేస్తాడు, సీజన్‌లో పక్కూళ్ళో పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి కూలికి కూడా పోతాడు. షుగర్ లేదు. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పి ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. మా ఊళ్ళో అందరికీ ఉండేవే కదా అని ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటూ, బిళ్ళలు మింగుతూ నెట్టుకొచ్చాడు. పోయినేడాది కాళ్ళకు నీరు దిగితే నెల్లూరులో చూపించాం. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.6 అన్నారు, అది ఎంత పెరిగితే కిడ్నీ అంత పాడైనట్టట, బీపీ కూడా ఉందన్నారు. మూడు నెలలకొకసారి రమ్మంటే రెండుసార్లు వచ్చి మానేశాడు. బస్సు ఛార్జీలు, పోయే కూలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే డాక్టరు చూసేది అయిదు నిమిషాలు, అందుకని. ఇప్పుడు 3.4కు వచ్చింది. ఇంకొన్నాళ్ళకు డయాలసిస్ అవసరం రావచ్చు అంటున్నారు.

తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఊరి నీళ్ళే చంపుతున్నాయి, పొలం అమ్మేసి ఇద్దరూ నా దగ్గరికి రండి అంటాడు. అమ్మ గేదెల్ని వదిలి రానంటుంది. నాయనదొకటే మాట, పోతే ఇక్కడే పోతాను అని. మా అక్కను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. వాళ్ళ పెద్దోడికి ఎనిమిదేళ్ళు, కొత్తగా వచ్చిన ముందుపళ్ళ మీద పసుపు, గోధుమరంగు చారలున్నాయి. చిన్నదానికి మూడేళ్ళు. తమ్ముడికి కుదిరేలా ఉన్న సంబంధం కూడా వాళ్ళింట్లో కిడ్నీ జబ్బుందంట అని వెనక్కి పోయింది. నాయన్ని మన దగ్గరే ఉంచుకుందామని మా ఆయన అన్నారు. అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడమే నాకు టెన్షన్‌గా ఉంది. నిజంగా నీళ్ళ వల్లేనా అక్కా? ఊరు వదిలేయడమేనా దారి? ఎక్కడ చూపించాలి?"

అమ్మా, మీ ఉత్తరంలో ఉన్నది ఒక కష్టం కాదు, మూడు కష్టాలు ఒకదానికొకటి ముడిపడిపోయాయి. జబ్బు ఎందుకొచ్చింది అనేది ఒకటి. వచ్చిన జబ్బుకు వైద్యం ఎక్కడ, ఎలా అనేది ఇంకొకటి. అక్క పిల్లలు ఆ ఊళ్ళో పెరగొచ్చా అనేది మూడోది. మీ తమ్ముడు మొదటిదాని మీద కోపంతో రెండోదానికి జవాబు చెప్తున్నాడు, అందుకే ఇంట్లో ఎవరి మాట ఎవరికీ ఎక్కడం లేదు. ఒక్కసారి ఆలోచించండి, మీ నాయన రేపు హైదరాబాదు వెళ్ళి మంచి నీళ్ళు తాగితే పాడైన కిడ్నీ బాగుపడదు. ఆయనకు ఇప్పుడు కావాల్సింది కిడ్నీ డాక్టరు చేతికందే దూరంలో ఉండటం. పిల్లల సంగతి పూర్తిగా వేరు, వాళ్ళకు డాక్టరుతో పెద్దగా పనిలేదు, వాళ్ళకు కావాల్సింది నీళ్ళు. ఈ రెండూ విడదీసి చూస్తే మీ ఇంట్లో సగం గొడవ తగ్గుతుందని నా నమ్మకం.

ముందు నీళ్ళ సంగతి. మీ తమ్ముడు ఊరికే అనలేదు. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకల జబ్బు వస్తుందని మన దేశంలో మొట్టమొదట వైద్య పత్రికకు ఎక్కింది మన దగ్గరి నుంచే, 1937లో. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు రాసిన ఆ వ్యాసం పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలన్నీ నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా కట్టినప్పుడు అటు వెళ్ళాయి. జిల్లాల గీతలు మారాయి గానీ కింద రాయి మారలేదు కదా. కనిగిరి నుంచి మీ ఉదయగిరి, వరికుంటపాడు దాకా మెట్ట అంతా గట్టి రాతినేల. ఆ రాళ్ళలో ఫ్లోరిన్ ఉండే ఖనిజాలుంటాయి, వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు ఎంత లోతుకు దించితే అంత పాత నీళ్ళు, ఎన్నో ఏళ్ళు రాతిని ఒరుసుకుంటూ ఫ్లోరైడ్‌ను కలుపుకున్న నీళ్ళు పైకొస్తాయి. అదే జిల్లాలో తూర్పున పెన్నా డెల్టాకు వెళ్తే సోమశిల కాలవల నీళ్ళతో వరి పండుతుంది, అక్కడి వాళ్ళకు ఈ బాధే తెలియదు. పారే నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువ. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు కోసం మన మెట్ట జనం ఇన్నేళ్ళుగా చూస్తున్న ఎదురుచూపు ఒక్క పంటల కోసమే కాదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల పళ్ళకు గార పట్టడం, మోకాళ్ళు, నడుము బిగుసుకుపోవడం ఇవి నిర్ధారణగా తెలిసినవి. ఫ్లోరైడే నేరుగా కిడ్నీలను చెడగొడుతుందా అంటే ఆ మాట ఇంకా ఖాయం కాలేదు. కనిగిరి వైపు పల్లెల్లో కిడ్నీ రోగులు ఎక్కువే ఉన్నారు, అటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే దశాబ్దాలుగా ఉన్నారు, శ్రీలంకలో ఉన్నారు, మధ్య అమెరికాలో చెరకు తోటల్లో ఎండకు పనిచేసే కూలీల్లో ఉన్నారు. షుగరూ బీపీ లేకుండానే పల్లెల్లో పొలం పనిచేసే మగవాళ్ళ కిడ్నీలు ఎందుకు పోతున్నాయి అనేదానికి ఒక్క జవాబు ఎక్కడా దొరకలేదు. ఎండదెబ్బ, సరిగా నీళ్ళు తాగకపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, నీళ్ళలో ఉండేవి, ఇవన్నీ కలిసి చేస్తున్నాయేమో అని అనుమానం. అందుకని మీ నాయన విషయంలో "నీళ్ళే చంపాయి" అని తీర్పు చెప్పేయకండి. చెప్పేస్తే ఏమవుతుందంటే మిగతావి కొనసాగుతాయి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసిన వాక్యం క్రియాటినిన్ గురించి కాదు, ఆర్ఎంపీ సూదుల గురించి. ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. ఊరి నీళ్ళ వల్ల మోకాళ్ళు నొప్పి, నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలంటే వంద కిలోమీటర్లు, వీధిలోనే బండి మీద వచ్చే ఆర్ఎంపీ ఇరవై అడుగుల్లో ఉన్నాడు, అతని సంచిలో డైక్లోఫెనాక్ ఉంది. సూది వేస్తే గంటలో నొప్పి తగ్గుతుంది, మనిషి మళ్ళీ బ్యారన్ పొయ్యి ముందు నిలబడి చెమటలు కక్కుతూ కట్టెలు ఎగదోస్తాడు, ఒంట్లో నీరు తగ్గిపోయిన ఆ సమయంలోనే ఆ మందు కిడ్నీని ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఇలా ఒక రోజు కాదు, ఏళ్ళ తరబడి. దూరం అంటే బస్సు ఛార్జీ ఒక్కటే కాదమ్మా, దగ్గరగా ఏం దొరుకుతుందో దాన్నే మందు అనుకోవాల్సి రావడం కూడా దూరమే. మీ నాయన కిడ్నీలకు అసలు కారణం ఇదేనని నేను అనను, అది స్కానింగ్, మూత్రంలో ప్రొటీన్ చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. కానీ ఇంతకు ముందు జరిగిన వాటిలో రేపటి నుంచే ఆపగలిగిన మొదటిది ఇదే.

ఆర్ఎంపీతో గొడవ పెట్టుకోకండి. అర్ధరాత్రి జ్వరం వస్తే మీ అమ్మ పరుగెత్తేది ఆయన దగ్గరికే. మీ డాక్టరు చేత ఒక చీటీ మీద రాయించి ఆయన చేతికివ్వండి: ఈయనకు కిడ్నీ జబ్బు ఉంది, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నిమెసులైడ్ లాంటివి ఏ రూపంలోనూ ఇవ్వకూడదు, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలన్నా ముందు ఈ నంబరుకు ఫోన్ చేయాలి అని. అలాంటి చీటీలు మూడు రాయించండి, ఒకటి ఆయన దగ్గర, ఒకటి మీ నాయన జేబులో, ఒకటి ఇంట్లో తలుపు వెనక. నొప్పికి పారాసిటమాల్ ఎంతవరకు వాడొచ్చో డాక్టరునే అడగండి. కిడ్నీకి మంచిదని ఎవరో ఇచ్చే భస్మాలు, కషాయాలు మాత్రం అసలు వద్దు, వాటిలో కొన్నింట్లో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి. లో సోడియం అని అమ్మే ఉప్పు కూడా తేవద్దు, దానిలో ఉండేది పొటాషియం, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగా బయటికి పంపలేదు. కొబ్బరినీళ్ళు చలవ కదా అని మీరు ప్రేమగా తీసుకెళ్ళేరు, రక్తంలో పొటాషియం ఎంత ఉందో చూడకుండా అదీ వద్దు.

ఇప్పుడు వైద్యం. 59 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 3.4 అంటే కిడ్నీ పని సుమారు 20 శాతం ఉన్నట్టు లెక్క, రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉంటుంది చూడండి. 15 నుంచి 29 మధ్య ఉంటే నాలుగో దశ అంటారు, 15 లోపు పడితే అయిదోది. పోయినేడాది 2.6 అంటే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దగ్గర ఉండేది. ఏడాదిలో అంత పడటం వేగమే. కానీ అదే వేగంతో పడి తీరుతుందని ఎక్కడా రాసిపెట్టి లేదు. సూదులు ఆగి, బీపీ 130/80 లోపు నిలబడి, మూత్రంలో ప్రొటీన్ పోవడం తగ్గితే చాలామందికి ఇది నెమ్మదిస్తుంది. నెలలు, కొందరికి ఏళ్ళు కలిసొస్తాయి. మీ నాయన డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసిన ఆ కాలంలోనే ఎక్కువ నష్టం జరిగి ఉండొచ్చు, అలాగని ఆయన్ని ఇప్పుడు తిట్టి లాభం లేదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని అయిదు నిమిషాలు చూపించుకోవడం ఎవరికైనా గిట్టుబాటు కాదనిపిస్తుంది.

కాబట్టి ఏ పనికి వంద కిలోమీటర్లు రావాలి, ఏ పనికి అక్కర్లేదు అని డాక్టరు దగ్గరే కూర్చుని తేల్చుకోండి. బీపీ ఇంట్లోనే చూసుకోవచ్చు, చేతికి కట్టే మిషన్ ఒకటి మీ తమ్ముడు కొనిస్తాడు, మీ అమ్మ రోజూ పొద్దున ఒక నోటుబుక్కులో రాస్తుంది. క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో చేయించి రిపోర్టు ఫొటో మీకు పంపితే, మీరు నెల్లూరులో ఉన్నారు కాబట్టి డాక్టరుకు మీరే చూపించొచ్చు. ఊళ్ళో సచివాలయం ఏఎన్ఎమ్ ద్వారా ఈసంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో డాక్టరుతో మాట్లాడించొచ్చు. మనిషి స్వయంగా రావాల్సింది రెండు మూడు నెలలకోసారి, లేదా కాళ్ళకు నీరు, ఆయాసం, వాంతులు, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే వెంటనే, 108కి ఫోన్ చేసయినా సరే. పెద్ద డాక్టరు చేయాల్సిన పని నిజానికి చాలా కొద్ది, మిగతాదంతా క్రమం తప్పకుండా చూసుకోవడమే, అది ఊళ్ళో ఉండి కూడా జరుగుతుంది.

ఇక తప్పనిసరిగా ముందే చేయాల్సినవి ఉన్నాయి, వీటిలోనే మన మెట్ట వాళ్ళు ఎక్కువగా నష్టపోతున్నారు. డయాలసిస్ చేయాలంటే చేతి దగ్గర రక్తనాళాలు కలిపి ఫిస్టులా అనే చిన్న ఆపరేషన్ చేస్తారు. అది వాడకానికి రావాలంటే నెలన్నర, రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చాక ఫిస్టులా గురించి ఆలోచిస్తే, అప్పుడు మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెడతారు, దానికి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. డాక్టరు చెప్పిన సమయానికి ఫిస్టులా చేయించేయండి. ఇప్పటి నుంచే ఎడమచేతి నరాలను కాపాడండి, మీ నాయన కుడిచేతివాటం అయితే. ఎక్కడ రక్తం తీసినా, సెలైన్ పెట్టినా కుడి చెయ్యి చాపి, అరచేతి వెనక భాగం చూపించమనండి. హెపటైటిస్ బి టీకాలు కూడా డయాలసిస్‌కు ముందే మొదలుపెట్టాలి. రక్తహీనత ఉందేమో చూడమని అడగండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎక్కడుండాలి. డయాలసిస్ దాకా రాకుండా ఉన్నంతకాలం మీ నాయన ఊళ్ళోనే ఉండొచ్చు, నేను పైన చెప్పిన పద్ధతి జరిగేట్టయితే. ఆయన పొలం, గేదెలు, డొంకలో పలకరించే మనుషులు కూడా ఆయన్ని నిలబెట్టేవే. బ్యారన్ పని మాత్రం మానాలి, ఎండన పని తగ్గించాలి. పొలం ఇప్పుడే అమ్మవద్దు. పొలం కౌలుకిచ్చి చూడండి ముందు. అమ్మిన డబ్బు ఆసుపత్రికి కరిగిపోతే రేపు మీ అమ్మ చేతిలో ఏమీ ఉండదు, ఈ మాట ఇంట్లో ఎవరూ గట్టిగా అనలేకపోతున్నారేమో, నేను అంటున్నాను.

డయాలసిస్ మొదలైతే లెక్క మారుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మీ ఊరి నుంచి నెల్లూరుకు వచ్చి పోవడమంటే రెండు వందల కిలోమీటర్లు, వారానికి ఆరు వందలు, అందులోనూ డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి నిలబడలేని మనిషిని బస్సులో. ఇలా తిరగలేకే చాలామంది మూడోసారి ఎగ్గొడతారు, ఆ ఎగ్గొట్టిన రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఆ రోజు వచ్చేలోపే మూడు దారులు చూసి పెట్టుకోవాలి.

మొదటిది ఆత్మకూరు, కావలి, ఉదయగిరి వైపు ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్లున్నాయి, వాటిలో ఖాళీ ఉందా అని ఇప్పుడే కనుక్కోవడం. మిషన్ ఉండటం వేరు, మీకు షిఫ్టు దొరకడం వేరు, పేరు ముందే రాయించాలి. రెండోది నెల్లూరులో మీ దగ్గర ఉండటం. మూడోది చాలామందికి చెప్పనే చెప్పరు, పొట్టలో గొట్టం అమర్చి ఇంట్లోనే చేసుకునే డయాలసిస్, సీఏపీడీ అంటారు. రోజుకు మూడు నాలుగుసార్లు రెండు లీటర్ల ద్రవం సంచి పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటల తర్వాత వదిలేయడం. మిషన్ అక్కర్లేదు, వారానికి మూడు ప్రయాణాలు ఉండవు, నెలకోసారి ఆసుపత్రి చాలు. దూరాన ఉండే పల్లెలకు ఇది వరమే, కానీ దుమ్ము లేని ఒక గది, చేతులు కడుక్కోవడంలో పిసినారితనం లేని మనిషి కావాలి, ఒక్కసారి శుభ్రత తప్పితే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది. గేదెల పాక పక్కనే పడుకునే ఇంట్లో ఇది కుదురుతుందా అనేది మీ అమ్మతో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాలి. సంచుల ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందా, ఎంత వస్తుందనేది ఆసుపత్రిలో వైద్య సేవ కౌంటరు దగ్గరే అడిగి కాగితం మీద రాయించుకోండి.

హైదరాబాదు సంగతి. మీ తమ్ముడి ప్రేమ అబద్ధం కాదు. అక్కడ డాక్టర్లు ఎక్కువ, కొడుకు దగ్గర ఉంటాడు. కానీ రాష్ట్రం దాటితే మన ఆరోగ్య పథకం అన్ని ఆసుపత్రులకూ, అన్ని చికిత్సలకూ వర్తించదు. డయాలసిస్ చేయించుకునే వాళ్ళకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది, అది సొంత ఊళ్ళో ఇంటి దగ్గర ఇచ్చేది, అక్కడ స్థిరపడితే దానికి ఏం చేయాలో ముందే సచివాలయంలో అడగాలి. తమ్ముడు ఆఫీసుకు పోతే నాలుగో అంతస్తులో భాష తెలిసినా మనుషులు తెలియని చోట మీ అమ్మానాన్నలు రోజంతా ఇద్దరే ఉంటారు, అది కూడా లెక్కలోకే వస్తుంది. తమ్ముడికి ఈ మాట చెప్పేటప్పుడు "నువ్వు చేయొద్దు" అన్నట్టు వినిపించకుండా చూడండి. డబ్బు, ఫోన్లు, డాక్టరుతో మాట్లాడటం, మూడు నెలలకోసారి వచ్చి తీసుకెళ్ళడం అతనికి అప్పగించండి. దూరాన ఉన్న కొడుకుకు చేసే పని ఏదో ఒకటి చేతికిస్తేనే పొలం అమ్మేద్దాం అనే తొందర తగ్గుతుంది.

నెల్లూరులో చెప్పింది ఇంకొకరి చేత నిర్ధారించుకోవాలనిపిస్తే తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, కిడ్నీ విభాగం పాతదే, కిడ్నీ మార్పిడి కూడా చేస్తారు. మనవాళ్ళు చెన్నై, వెల్లూరు పరిగెడతారు అలవాటు కొద్దీ, వెళ్ళొచ్చు, కానీ ఒకసారి చూపించుకోవడానికి దూరం ఫరవాలేదు, జీవితాంతం చూపించుకోవాల్సిన జబ్బుకు దగ్గర ఉన్న మంచి డాక్టరే పెద్ద డాక్టరు.

కిడ్నీ మార్పిడి గురించి మీరు రాయలేదు, నేనే ఎత్తుతున్నాను. డయాలసిస్ మొదలుకాకముందే దాని గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. చట్టం ప్రకారం భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇవ్వొచ్చు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, ఆ ఇవ్వడంలో ఎంత ఇష్టం, ఎంత ఒత్తిడి ఉంటుందో మనందరికీ తెలుసు. రేపు ఇంట్లో మాటొస్తే చూపులు మీ అమ్మవైపో మీవైపో తిరుగుతాయి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, వద్దనిపిస్తే వద్దనే హక్కు మీకుంది, దాన్ని డాక్టరుతో ఒంటరిగా కూడా చెప్పొచ్చు. పైగా అదే ఊరి నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళెవరు ముందుకొచ్చినా వాళ్ళ కిడ్నీలు క్షుణ్ణంగా చూడాలి.

అక్క పిల్లల దగ్గరికి వద్దాం. పెద్దోడి పళ్ళ మీద చారలు చిగుళ్ళలో పళ్ళు తయారవుతున్న వయసులోనే పడ్డాయి, తోమితే పోవు, వాడికి అది మురికి కాదని ముందు చెప్పండి, బళ్ళో పిల్లలు ఏడిపిస్తుంటే మరీ చెప్పండి. పెద్దయ్యాక పళ్ళ డాక్టరు పైపూత వేసి సరిచేస్తారు. మూడేళ్ళదానికి ఇంకా టైమ్ ఉంది, పాలపళ్ళు ఊడాక వచ్చే దాని ముందుపళ్ళు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి. ఆ పిల్ల విషయంలో ఆలస్యం చేయకూడదు.

చేయాల్సింది ఊరు వదలడం కాదు, ముందు నీళ్ళు పరీక్ష చేయించడం. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా, గాజుది వద్దు, బోరు కొంచెంసేపు ఆడనిచ్చి నింపి, మీద ఏ బోరు, ఏ తేదీ అని రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, అది దాటితే తాగకూడదు. ఒకే వీధిలో రెండు బోర్లకు ఫ్లోరైడ్ వేరుగా ఉంటుంది కాబట్టి వాళ్ళింటిది, బడిది, అంగన్‌వాడీది విడివిడిగా చూడాలి. కాచితే పోతుందనుకుంటారు, కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో నీళ్ళు పనికొస్తాయి. కానీ మన పల్లెల్లో ఏం జరుగుతుందంటే, ఇరవై లీటర్ల క్యాను తాగడానికి మాత్రమే, అన్నం, పప్పు, పులుసు, టీ అన్నీ బోరు నీళ్ళతోనే. అన్నం ఆ నీళ్ళన్నీ తాగేస్తుంది, ఆ అన్నం పిల్ల తింటుంది. వంటకు కూడా ఆర్వో నీళ్ళే వాడమని అక్కకు చెప్పండి, రోజుకు ఇంకొక క్యాను ఖర్చు ఉంటుంది, అది మీరూ తమ్ముడూ పంచుకోవచ్చు. మీ నాయన కూడా ఆ నీళ్ళే తాగాలి. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీయే, అది నీరసించింది కాబట్టి ఆయనకు ఆ బోరు నీళ్ళు మామూలు వాళ్ళకంటే ఎక్కువ చెరుపు.

సంబంధం వెనక్కి పోయిందన్నారు. తమ్ముడు ఒకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి, మీరూ అక్కా కూడా. పెళ్ళి కోసం కాదు, మీ కోసం. చిన్న పరీక్షలే, ఏడాదికోసారి చాలు. స్కానింగ్‌లో మీ నాయనకు వంశపారంపర్యంగా వచ్చే నీటి బుడగల జబ్బు లేదని తేలితే, అదొక్క మాట డాక్టరు చేత చెప్పించుకుంటే తర్వాత అడిగేవాళ్ళకు జవాబు ఉంటుంది. అప్పటికీ కాదనేవాళ్ళను పోనివ్వండి.

మిగిలింది మీ అత్తమ్మ. ఆమె మాట్లాడలేదంటే కాదన్నట్టే అని మీరు అనుకుంటున్నారు. రెండు గదుల ఇంట్లో, వయసైన ఆడమనిషికి, వియ్యంకుడు ఎన్నాళ్ళుంటాడో తెలియకుండా, ఆమె ఎక్కడ పడుకోవాలో ఎవరూ అడగకుండా కొడుకు నిర్ణయం చెప్పేస్తే ఏం మాట్లాడుతుంది? "నాయన్ని ఉంచుకుందాం" అని కాకుండా వివరంగా చెప్పండి. ఇప్పుడేమీ రావడం లేదు, రెండు మూడు నెలలకోసారి వచ్చి ఒక రాత్రి ఉంటాడు. డయాలసిస్ అవసరమైతే, దగ్గర సెంటర్ దొరకకపోతే మొదటి కొన్ని నెలలు మన దగ్గర ఉండాల్సి రావచ్చు, అప్పటికి పక్కనే ఒక గది అద్దెకు చూద్దాం, అమ్మ కూడా వచ్చి ఉంటుంది, అద్దె తమ్ముడు ఇస్తాడు అని. ఆ గది మాట మీ ఆయన చేత కాకుండా మీరే, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెప్పండి. ఆ తర్వాత ఆమె ఏమంటుందో విని, ఇష్టం లేదంటే ఆ గది ఇప్పటి నుంచే వెతకడం మొదలుపెట్టండి, ఆసుపత్రికి నడిచి వెళ్ళగలిగే దూరంలో, కింది అంతస్తులో.